కత్తెర ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: ఒక చిత్రకళా ప్రదర్శనలో పాత నలుపు తెలుపు చిత్రం చూశాను. ఒక జపాన్ యువతి వేదికపై కదలకుండా కూర్చుని ఉంటే, ప్రేక్షకులు ఒక్కొక్కరే వచ్చి ఆమె దుస్తుల్లో ఒక ముక్కను కత్తిరించి పట్టుకుపోతున్నారు. ఆమె ఆడలేదు, పాడలేదు, మాట్లాడలేదు. ఇది కళ ఎలా అవుతుంది? ఆసియా స్త్రీ అణిగిమణిగి ఉంటుందన్న పాశ్చాత్యుల ఊహకు ఇది ఊతమివ్వదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చూసినది జపాన్ కళాకారిణి యోకో ఓనో ‘కట్ పీస్’. 1965లో న్యూయార్క్‌లోని కార్నెగీ రిసైటల్ హాల్లో ఆమె చేసిన ప్రదర్శనను డాక్యుమెంటరీ దర్శకులు మేజిల్స్ సోదరులు చిత్రీకరించారు. ‘ప్రదర్శన కళ’ అనగానే మనకు నాట్యమో నాటకమో గుర్తుకు వస్తుంది కాబట్టి, ఈ పెర్ఫార్మెన్స్ ఆర్ట్‌కు తెలుగులో ఇంకా సరైన పేరు కుదరలేదనే చెప్పాలి. ఇందులో పాత్ర ఉండదు. కళాకారిణి శరీరం, కాలం, ఎదురుగా ఉన్న మనుషులు, ఇవే సామగ్రి.

ఓనో ఈ ప్రదర్శనను మొదట 1964లో క్యోటోలో, తరువాత టోక్యోలో చేశారు. 1945లో టోక్యో మీద బాంబుల వాన కురిసినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. అందుకే ఆ చిరిగిన బట్టల్లో హిరోషిమా, నాగసాకి బాధితులను చూసిన కళాచరిత్రకారులు ఉన్నారు. అదే పని న్యూయార్క్‌లో చేసేసరికి ఎదురుగా ఉన్నది అమెరికా ప్రేక్షకులు. చిత్రం చివర్లో ఒక యువకుడు ఉత్సాహంగా వచ్చి, ఆగకుండా లోదుస్తుల దాకా కత్తిరించడం, ఓనో రెండు చేతులూ గుండెలకు అడ్డం పెట్టుకోవడం మీరు గమనించే ఉంటారు. ఆమె కదలకపోవడాన్ని అణకువ అనుకున్నది ఆ యువకుడు. ఆ అనుకోవడాన్నే ఆమె వేదిక మీదికి రప్పించి అందరికీ చూపించారు. కత్తెరను అక్కడ పెట్టింది ఆమె, నియమం రాసింది ఆమె. బుద్ధుడు ఆకలిగొన్న పులికి తన దేహాన్నే ఇచ్చిన కథతో ఆమె ఈ పనిని పోల్చారు. జాతక కథలు ఎరిగిన మనకు ఇవ్వడానికీ లాక్కోబడటానికీ ఉన్న తేడా వివరించనక్కరలేదు. 2003లో పారిస్‌లో డెబ్బై ఏళ్ల వయసులో మళ్లీ అలాగే కూర్చున్నప్పుడు, పోస్టుకార్డుకు మించని ముక్కను మాత్రమే కత్తిరించి, దాన్ని తమకు ప్రియమైన వారికి పంపమని ఆమె కోరారు.

అయితే ‘ఆసియా స్త్రీ’ అన్న మాటను నేను కొంచెం జాగ్రత్తగా వాడతాను. జపాన్ ఎవరికీ వలస రాజ్యం కాలేదు. యుద్ధం తరువాత 1952 దాకా అమెరికా సైన్యం అధీనంలో ఉన్న ఆ దేశమే అంతకుముందు, 1910 నుంచి 1945 దాకా, కొరియాను వలసగా ఏలింది. బడుల్లో కొరియా పిల్లల చేత జపనీసు మాట్లాడించింది. 1951లో బుసాన్‌లో పుట్టి, బాల్యంలోనే కుటుంబంతో అమెరికా చేరిన కళాకారిణి థెరెసా హాక్ క్యుంగ్ చా దృష్టి అంతా భాష మీదే నిలవడానికి ఆ చరిత్ర కూడా ఒక కారణం. 1975లో ఆమె ఫ్రెంచిలో ‘స్వరం’ అన్న మాట ముద్రించిన తెల్లని గుడ్డను కళ్లకు, ‘అంధ’ అన్న మాట ముద్రించిన గుడ్డను నోటికి కట్టుకుని ఒక ప్రదర్శన చేశారు. కొరియన్ కాదు, ఇంగ్లీషూ కాదు, బడిలో నేర్చిన మూడో భాష! ఓనోను, చాను ఒకే గాటన కడితే ఏలినవారూ ఏలుబడిలో నలిగినవారూ ఒకటైపోతారు.

మన దేశంలో రుమ్మానా హుస్సేన్ ఉండేవారు. 1992లో బాబ్రీ మసీదు కూల్చివేత, ఆ వెంటనే ముంబయి అల్లర్లు జరిగాక, అప్పటిదాకా చిత్రకారిణిగా ఉన్న ఆమె కాన్వాసును దాటి వచ్చారు. 1995లో ముంబయిలో, సగానికి కోసిన బొప్పాయిని చేతుల్లో పట్టుకుని, శబ్దం లేని కేకతో నోరు తెరిచి, ఆవరణలో మెల్లగా నడిచారు. అప్పటి ముంబయిలో ఒక ముస్లిం స్త్రీ అలా నడవడానికి వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

ప్రశ్న: అమెరికాలో చదువుతున్న మా అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. ఇప్పుడు కాలేజీలో పూర్తి ఆహార్యంతో నిలబడి, నాట్యం చేయకుండా, ప్రేక్షకుల చేత ఒక్కొక్క నగా తీయిస్తానంటోంది. ఇది నాట్యాన్ని అవమానించడం కాదా?
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: కాదనే నా అభిప్రాయం. సత్యభామ జడ పాత్రదే కాని నర్తకిది కాదు. మీ అమ్మాయి తీయిస్తానంటున్న నగలు మాత్రం, ప్రవాసంలో ‘తెలుగింటి ఆడపిల్ల’ అని గుర్తుపట్టించడానికి ఆమె మీద పెట్టినవి. పైగా ఆ ఆహార్యం చరిత్ర కూడా సూటిగా సాగలేదు. కూచిపూడి మేళాల్లో తరతరాలుగా స్త్రీ వేషాలు కట్టింది పురుషులు. వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామను మన పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. నిజంగా నాట్యమే వృత్తిగా బతికిన కలావంతుల స్త్రీలకు 1947 నాటి మద్రాసు చట్టంతో గుడిలో ఆడే వీలు లేకపోయింది. ఈ సంగతులు అమ్మాయికి తెలిస్తే ఆలోచన మరింత పదునెక్కుతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పండి. పోస్టుకార్డు కొలత లాంటి నియమం ఒకటి ముందే రాసి చదివించమనండి, పక్కన నమ్మకమైన స్నేహితురాలిని ఉంచుకోమనండి. గజ్జెలను ఎవరూ ముట్టుకోకూడదని ఆమెకు అనిపిస్తే, ఆ మాట కూడా నియమంలోనే రాయమనండి.