ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీ డైరీ వద్దు

ప్రశ్న: నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉంది. ధ్యాస నిలవడానికి రోజూ రాసుకోమని డాక్టర్ చెప్పారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాస్తున్నాను. ఏడాదిలో మూడు యాప్‌లు మార్చాను, ఏదీ పది రోజులు దాటలేదు. ఏఐ ఉన్న యాప్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కొనొద్దండి. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఏ యాప్ మంచిదని అందరూ అడుగుతారు. రాసింది ఎక్కడికి పోతోందని మాత్రం ఎవరూ అడగరు.

'ఆఫీసు ల్యాప్‌టాప్' అన్న మాట చూడగానే నాకు కంగారు పుట్టింది. మందు ఎన్ని మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు, ఏ మీటింగ్‌లో మనసు ఎటో పోయింది, మేనేజర్ మీద ఎందుకు కోపం వచ్చింది... మీ నోట్స్‌లో ఉండేవి ఇవే కదా! ఆఫీసు అకౌంట్‌లో ఉన్నదాన్ని కంపెనీ అడ్మిన్ తెరిచి చూడగలిగే వీలుంటుంది. ఉద్యోగం మానేస్తే అకౌంట్‌తోపాటు మీ డైరీ కూడా పోతుంది. సొంత విషయాలు ఈరోజే మీ ఫోన్‌లోకి మార్చుకోండి.

యాప్‌కి వేలిముద్ర తాళం పెట్టాను కదా అనుకోకండి. అది మీ ఫోన్ పట్టుకున్నవాళ్లను ఆపుతుంది, అంతే. యాప్ కంపెనీ సర్వర్‌లో ఉన్న కాపీ సంగతి వేరు. దానికో పరీక్ష ఉంది. పాస్‌వర్డ్ మరిచిపోయానని చెప్పి, మెయిల్‌కి వచ్చిన లింకుతో కొత్తది పెట్టి, వేరే ఫోన్‌లో లాగిన్ అవ్వండి. పాత నోట్స్ అన్నీ కనిపించాయంటే వాటి తాళంచెవి యాప్ కంపెనీ దగ్గరా ఉన్నట్టే. వాళ్ల సర్వర్‌లో దొంగలు పడితే మీ డైరీ కూడా ఆ దొంగల చేతికి చిక్కవచ్చు.

ఇది ఉత్త భయం కాదు. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు దొంగల పాలయ్యాయి. 2020లో ఆ దొంగ నేరుగా రోగులకే మెయిళ్లు పెట్టి, డబ్బు ఇవ్వకపోతే అన్నీ బయటపెడతానని బెదిరించాడు. బాధితులు వేలల్లో ఉన్నారు. థెరపిస్టుకి నమ్మి చెప్పుకున్న మాటలవి.

అందుకే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి మీ దగ్గర మాత్రమే ఉండే పద్ధతి) ఉన్నదే వాడండి. లేదా నోట్స్ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మీ ఫోన్‌లోనే ఉండేది చూసుకోండి.

ఇక యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నా ఫిర్యాదు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు వచ్చిన ఆలోచన చేజారకముందే పడేయడానికి ఒక చోటు కావాలి. తెరవగానే కర్సర్ కనిపించాలి. కానీ అప్‌డేట్ వచ్చిందంటే బటన్ చోటు మారుతుంది, 'కొత్తగా ఏముందో చూడండి' అని ఓ బాక్స్ అడ్డం వస్తుంది. దాన్ని మూసేలోపు ఏం రాద్దామనుకున్నారో పోతుంది. వరుసగా రాసిన రోజులు లెక్కబెట్టి, ఒక్క రోజు తప్పితే సున్నాకి దించడం ఇంకా అన్యాయం. మరుసటి రోజు ఆ యాప్ తెరవడానికే మనసు రాదు. మీ మూడు యాప్‌లూ ఇలాగే మూలపడి ఉంటాయి. తప్పు మీది కాదు. అడగకుండానే ఏఐ సారాంశం ఆన్ చేసి, నోట్స్‌ని సర్వర్‌కి పంపే యాప్‌లైతే నాకు అసలు నచ్చవు. సెట్టింగ్స్‌లో వెతికి ఆఫ్ చేయండి.

బులెట్ జర్నల్ అనే, పుస్తకంలో రాసుకునే పద్ధతి కనిపెట్టిన రైడర్ కారల్‌కి కూడా చిన్నప్పటి నుంచి ధ్యాస నిలవని ఇబ్బందే. ఆయన డిజిటల్ డిజైనర్. అయినా కాగితం మీదే రాసుకున్నారు. 2013లో ఆ పద్ధతిని అందరికీ చెప్పారు. చిన్న చిన్న లైన్లు, పేజీకో నంబరు. పని మధ్యలో వేరే ఆలోచన వస్తే ఒక లైను రాసి, మళ్లీ పనిలోకి రావచ్చు. మీరూ నెల రోజులు జేబులో పట్టే పుస్తకంలో రాసి చూడండి.

ఫోనే కావాలంటే, ఎన్‌క్రిప్షన్ యాప్ ఇచ్చే రికవరీ కోడ్‌ని కాగితం మీద రాసి, పదో తరగతి సర్టిఫికెట్లున్న ఫైల్లో పెట్టండి. పాస్‌వర్డ్ మరిచిపోయి, ఆ కోడ్ కూడా లేకపోతే ఆ నోట్స్‌ని యాప్ కంపెనీ కూడా వెనక్కి ఇచ్చే వీలుండదు.