గాలి ఎటు నుంచి వీస్తోందో రాయి తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన సముద్రం ఒడ్డు సైకిల్ రైడ్ పీస్ చదివాను. బాగుంది అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు కానీ నువ్వు అడిగింది అది కాదుగా. భాష నీ దగ్గర ఉంది, దాని గురించి బెంగ పెట్టుకోకు. నా ఇబ్బంది ఏంటంటే, అంత చదివినా నువ్వు సైకిల్ తొక్కినట్టు నాకెక్కడా అనిపించలేదు. లైట్‌హౌస్ ఉంది, లంగరేసిన పడవలు ఉన్నాయి, రెయిలింగ్ ఉంది, కెరటాలు సరే సరి. బెంచీ మీద కూర్చున్నోడు కూడా ఇవన్నీ రాయగలడు, కార్లో పోయినోడు కూడా రాయగలడు. "చల్లని పిల్లగాలి" అన్నావు మూడు చోట్ల. ఆ పిల్లగాలి ఎటు నుంచి వీస్తోంది? అది ఒక్క చోట కూడా లేదు. నా కంప్లైంట్ మొత్తం ఇదే, కింద రాసేదంతా దీని గురించే.

పగలు నేల తొందరగా వేడెక్కుద్ది, నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి, నేల మీది గాలి తేలికై పైకి పోతుంటే సముద్రం మీది గాలి ఇటు వస్తది, చిన్నప్పుడు స్కూల్లో చదివిందే. అంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒడ్డు వెంబడి తొక్కేవాడికి గాలి మామూలుగా పక్క నుంచి తగలాలి. కానీ ఏ ఊళ్లోనూ ఒడ్డు స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు కదా, ఒక వంపు ఉంటుంది, చిన్న ఊరైతే మొత్తం వాటర్‌ఫ్రంటే ఒక వంపు, అందుకని ఇదే గాలి బయల్దేరినప్పుడు వీపు మీద చెయ్యేసి నెడుతుంది, మలుపు తిరిగాక చెంపకి తగులుతుంది, ఇంకాస్త పోతే ఎదురొస్తుంది. గాలి మారలేదు, నువ్వే తిరిగావు. సైకిల్ మీద ఊరి ఆకారం తెలిసేది ఇలా, మ్యాప్ చూసి కాదు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే నీ పీస్‌కి కావాల్సిన సరుకు ఇక్కడే ఉంది. నువ్వు గంటకి 15 కిలోమీటర్లు పోతున్నావు అనుకో, తీరిగ్గా తొక్కితే దాదాపు అంతే, గాలి కూడా వెనక నుంచి అంతే స్పీడ్‌లో వస్తోంది అనుకో. అప్పుడు నీకు గాలే తగలదు. అంతా ఆగిపోయినట్టు ఉంటుంది. చెవుల్లో హోరు ఉండదు, చైన్ చప్పుడు వినిపిస్తుంది, టైరు కింద ఇసక రేణువులు నలిగే చప్పుడు వినిపిస్తుంది, రెయిలింగ్ దగ్గర ఎవరో మాట్లాడుకునే మాటలో సగం ముక్క వినిపిస్తుంది, అప్పుడే చెమట కూడా పడుతుంది. అదే గాలికి ఎదురు తిరిగావో, మొహానికి తగిలేది గంటకి 30 కిలోమీటర్ల గాలి. స్పీడ్ రెట్టింపైతే గాలి అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. చెవుల నిండా హోరే, పక్కన ఎవరు పిలిచినా వినపడదు, చూపు సముద్రం మీద ఉండదు, ముందు చక్రానికి రెండు గజాల దూరంలో ఉంటుంది. అంటే అదే ముక్క దారిలో వెళ్లేటప్పుడు ఊరిని విన్నావు, వచ్చేటప్పుడు నీ తొడల్ని విన్నావు. మరి నీ పీస్‌లో వెళ్లడం, రావడం రెండూ ఒకే రాగంలో ఎలా ఉన్నాయి? తిరుగు ప్రయాణాన్ని "అదే దారిలో వెనక్కి వచ్చాను" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అదే దారి కాదది!

పక్కగాలి సంగతి కూడా ఒకటి ఉంది. సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంటే నీకు తెలియకుండానే నువ్వూ సైకిలూ కలిసి అటు వైపుకి కొంచెం వాలి ఉంటారు. మధ్యలో ఒక గోడో, పడవ షెడ్డో అడ్డం వచ్చి గాలి టక్కున ఆగితే, సైకిల్ సముద్రం వైపుకి తూలుతుంది. చేతులు సర్దుకుంటాయి. గోడ దాటగానే గాలి మళ్లీ కొడుతుంది, ఈసారి రోడ్డు వైపుకి తూలుతుంది. అరనిమిషం వ్యవహారం, కానీ ఇది రాస్తే చదివేవాడి చేతులు కూడా హ్యాండిల్ మీదకి వస్తాయి. నీ దారిలో అలాంటి షెడ్డు ఉందని నువ్వే రాశావు, "పాత షెడ్డు పక్కగా సాగిపోయాను" అని. సాగిపోలేదు, తూలి ఉంటావు.

ఈ లెక్కలన్నీ పీస్‌లో పెట్టమని కాదు సుమా. నాలుగు రెట్లు అని రాస్తే అది పాఠం అయిపోతుంది. నీకు తెలిసి ఉంటే చాలు, ఏ వాక్యం ఎక్కడ ఆయాసపడాలో దానంతటదే తేలుతుంది.

చిన్నచిన్నవి గబగబా చెప్పేస్తా. "ఉప్పు వాసన" అన్నావు, ఉప్పుకి వాసన ఉండదు. మనం సముద్రం వాసన అనుకునేది చాలావరకు నీళ్లలోని సూక్ష్మజీవుల వల్ల పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు, దానికి తోడు ఒడ్డున కుళ్లే నాచు. ఉప్పు నీకు పెదాల మీద తెలుస్తుంది, కళ్లజోడు ఉంటే అద్దాల మీద మసకగా తెలుస్తుంది. "అనంతమైన సాగరం" తీసెయ్, ఒడ్డున నిలబడ్డ మనిషికి సముద్రం మీద కనిపించే అంచు ఐదు కిలోమీటర్ల లోపే, నీ స్పీడ్‌కి ఇరవై నిమిషాల దారి. నాకైతే అనంతం కంటే అదే బాగుంది.

పెద్ద తప్పు ఆటుపోట్ల దగ్గర చేశావు. "రోజూ సాయంత్రం ఆరింటికి నీళ్లు కింది మెట్టుని ముద్దాడతాయి" అట. రోజూ కుదరదు తమ్ముడూ. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య దగ్గర దగ్గర 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే మర్నాటి పోటు ఓ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, వారం తిరిగేసరికి అదే ఆరింటికి నీళ్లు కిందికి పోయి మెట్ల మీద పచ్చటి పాచి బయటపడి ఉంటుంది. సముద్రం పక్కన పెరిగినోడు ఆ వాక్యం దగ్గరే నిన్ను నమ్మడం మానేస్తాడు. అయినా పాచి పట్టిన మెట్టు, గోడ మీద తడి గీత, పడవ కిందికి దిగిపోయి బిగుసుకున్న తాడు, ఇవి నీ ముద్దు కంటే ఎంత బాగుంటాయో చూడు.

సైకిల్ చరిత్ర పేరా మొత్తం ఎత్తెయ్. 1817లో డ్రైస్ అనే ఆయన పెడళ్లు లేని బండి చేశాడు, 1885లో స్టార్లీ అనే ఆయన ఇప్పటి సైకిల్ లాంటి రోవర్ తెచ్చాడు, నిజమే, కానీ నీ సాయంత్రానికి వాటితో పనేంటి? 1888లో డన్‌లప్ గాలి టైరు మాత్రం ఉంచుకోవచ్చు, అది కూడా కాలిబాట రాళ్ల అతుకుల మీద చక్రం టకటకమనే చోటుకి జరిపితేనే. గాలి టైరు లేకపోతే ఆ రాళ్ల మీద తీరిగ్గా తొక్కడం అనే మాటే ఉండేది కాదు, పళ్లు కదిలేవి.

చివర్లో "జీవితం కూడా ఒక సైకిల్ ప్రయాణమే" అన్నావు చూడు, దాని గురించి నేనేం మాట్లాడను, కొట్టెయ్.

ముట్టుకోకూడనిది ఒకటుంది. జెట్టీ దగ్గర దిగి తాళం వెయ్యబోతే ఉప్పుగాలికి తుప్పు పట్టి తాళంచెవి తిరక్కపోవడం, నువ్వు సైకిల్ పట్టుకునే నిలబడి పడవలు చూడటం. ఒక్క చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి చూశావు అని రాశావు. అక్కడ నువ్వున్నావు. మిగతా పీస్ అంతా ఆ చేతి లెవెల్‌కి రావాలి.

మళ్లీ ఒకసారి వెళ్లిరా, ఫోటోలు తీయకు, మలుపుల దగ్గర మాత్రం ఆగి గాలి ఎక్కడ తగులుతోందో ఫోన్‌లో ఒక్క ముక్క రాసుకో. రెండో డ్రాఫ్ట్‌లో వెళ్లేది సగానికి తగ్గించి వచ్చేది పెంచు. అయ్యాక పంపు, కాకపోతే ఈసారి ఫైల్‌గా పంపు, మెసేజ్‌లో పేస్ట్ చేస్తే పేరాలన్నీ కలిసిపోయి చదవలేక చచ్చాను.

ఉంటాను.