కంపెనీ పేరు ముందు అడగండి

(ఉపాధి, శిక్షణల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు. ఇస్తున్నది నెల్లూరు జిల్లా వెలుగు ప్రాజెక్టులో పల్లెపల్లె తిరిగి పిల్లల్ని శిక్షణలకు పంపి, రిటైరైన ఉద్యోగిని.)

ప్రశ్న: అక్కా, మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా ఆయన బేల్దారి పనికి పోతాడు. నేను పొదుపు సంఘంలో ఉన్నాను. పాప ఇంటర్ పాసై ఏడాదిగా ఇంట్లోనే ఉంది, పంతొమ్మిదేళ్లు. నెల్లూరులో మూడు నెలలు ఉచిత శిక్షణ, హాస్టలూ ఉచితమే, తర్వాత తడ దగ్గర కంపెనీలో ఉద్యోగం అని ఒకాయన వచ్చి చెప్పాడు. రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు, టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నాడు. మా ఆయన 'ఆడపిల్లని అంత దూరం పంపేది లేదు' అని భీష్మించుకున్నాడు. పాపేమో రోజూ ఏడుపు. మధ్యలో నాకు టెన్షన్. పంపమంటారా, వద్దంటారా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ రెండు వేలు ఇవ్వొద్దు. ఒరిజినల్స్ అసలే ఇవ్వొద్దు. చూసి తిరిగిచ్చేయమనండి, జిరాక్సులు చాలు.

గ్రామాల్లోని పేద కుటుంబాల పిల్లల కోసం దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అని 2014లో కేంద్రం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో దాన్ని సీడాప్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు అర్హులు, ఆడవాళ్లకైతే 45 దాకా. పొదుపు సంఘంలో ఉన్నావు కాబట్టి మీ కుటుంబం అందులోకి వస్తుంది. శిక్షణ, భోజనం, హాస్టలు, యూనిఫాం దేనికీ పైసా కట్టక్కర్లేదు. ఆ పథకం పేరు చెప్పి డబ్బడిగాడంటే మోసమైనా అయి ఉండాలి, మధ్యలో కమిషనైనా అయి ఉండాలి. మీ సంఘాల పనులు చూసే యానిమేటర్‌తో మండల వెలుగు ఆఫీసుకు ఫోన్ చేయించి, ఆ సెంటరు నిజంగా ఉందో లేదో కనుక్కో.

సెంటరు నిజమైనదే అని తేలితే అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. ఏ కంపెనీ? అందులో ఏ పని? జీతం కాగితం మీద ఎంత, చేతికి ఎంత? పడుకునేది ఎక్కడ? శిక్షణ ఎంత బాగా ఇస్తారని అందరూ అడుగుతారు, కంపెనీ పేరు మాత్రం ఎవరూ అడగరు. నా అనుభవంలో, బ్యాచ్ మొదలవకముందే కంపెనీతో మాట్లాడుకున్న సెంటర్ల పిల్లలు నిలబడ్డారు. బ్యాచ్ అయ్యాక కంపెనీల కోసం వెతుక్కున్న సెంటర్ల పిల్లలు దసరాకి ఇంటికొచ్చి మళ్లీ పోలేదు. 'మంచి కంపెనీనే అమ్మా' అన్నాడంటే వాడికీ పేరు తెలియదని అర్థం.

ఇంకో సంగతి. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి, ఆ ఉద్యోగంలో మూడు నెలలు నిలబడితేనే లెక్కలోకి వస్తుంది అని ఆ పథకంలో రూలు పెట్టారు. అందుకే మొదటి మూడు నెలలు సెంటరు వాళ్లు 'ఎలా ఉన్నావమ్మా' అని తెగ ఫోన్లు చేస్తారు. నాలుగో నెల ఎవరూ చేయరు! పాపకు ఏ ఇబ్బంది ఉన్నా ఆ మూడు నెలల్లోనే గట్టిగా అడిగి సరిచేయించుకోవాలి.

తడ వైపు అన్నావు. అక్కడ మాంబట్టులో అపాచీ వాళ్ల బూట్ల ఫ్యాక్టరీ ఉంది, పక్కనే శ్రీసిటీలో రకరకాల కంపెనీలు ఉన్నాయి. వేలమంది ఆడపిల్లలు చేస్తున్నారు. కంపెనీ బస్సులు సూళ్లూరుపేట, నాయుడుపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎక్కించుకుంటాయి. ఉదయగిరి పిల్లకి ఇంటి నుంచి ఆ సౌకర్యం ఉండదు కాబట్టి హాస్టల్లోనో నలుగురు కలిసి అద్దె గదిలోనో ఉండాలి. బూట్ల పనే అయితే కుట్టు విభాగమా, అసెంబ్లీ లైనా అని అడుగు. కుట్టు కూర్చుని చేసేది. లైను మీదైతే ఎనిమిది గంటలు కాళ్ల మీద నిలబడాలి, పైగా గమ్ము వాసన. ఇది ముందే తెలిసి వెళ్లిన పిల్ల తట్టుకుంటుంది. 'కంప్యూటర్ పని' అని చెప్పి తీసుకెళ్తే మొదటి వారమే ఏడుస్తుంది.

జీతం లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఉదాహరణకి 14,000 అన్నారనుకో. అందులో బేసిక్ 10,000 అయితే పీఎఫ్ 12 శాతం, అంటే 1,200 పోతుంది. ఈఎస్ఐ 0.75 శాతం, 105. బస్సుకీ క్యాంటీనుకీ ఒక 600. చేతికి 12,095. గది వాటా 1,500, బయట తిండి 2,500, ఫోను, సబ్బులు, చిల్లర ఖర్చులు 800. మిగిలేది 7,300కి కాస్త తక్కువ. 14,000 విని అప్పు తీర్చే లెక్కలు వేసుకోకండి, ఈ 7,000 చూసి వేసుకోండి. పీఎఫ్ డబ్బు పోయినట్టు కాదు, కంపెనీ వాటా కూడా కలిసి పాప పేరు మీదే ఉంటుంది. పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు మాత్రం మొదటి నెలలోనే రాసి పెట్టుకోమను. ఈఎస్ఐ కార్డు ఉంటే పాపకే కాదు, పాప సంపాదన మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. బేల్దారి పని చేసే మనిషికి అది చిన్న విషయం కాదు. మీ ఆయనకి ఈ ముక్క చెప్పు.

పిల్లలు తిరిగొచ్చేది పని కష్టమై అనుకుంటారు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది మొదటి జీతం వచ్చేలోపు చేతిలో డబ్బుల్లేక వచ్చేశారు. నెల మధ్యలో చేరితే జీతం వచ్చే నెల దాకా రాదు. గదికి అడ్వాన్సు, బకెట్టు, చాప, తిండి అన్నీ అప్పుడే కొనుక్కోవాలి. ఉద్యోగంలో చేరాక నెలకు 1,000 చొప్పున ఇచ్చే సాయం ఆ పథకం నిబంధనల్లో పెట్టారు: సొంత జిల్లాలో చేరితే రెండు నెలలు, రాష్ట్రంలో మరోచోటైతే మూడు, బయటి రాష్ట్రమైతే ఆరు. అది ఎప్పుడు ఖాతాలో పడుతుందో సెంటరు వాళ్లను అడుగు. దాని కోసం ఎదురుచూడకుండా సంఘంలో ఒక ఐదు వేలు అప్పు తీసుకుని పాప చేతికివ్వు. రిజిస్ట్రేషన్ అన్నవాడికి ఇవ్వబోయిన రెండు వేలు కూడా అందులో కలుపు.

మీ ఆయన భయంలో తప్పేమీ లేదు. ఆ భయం మాటలతో పోదు, చూపించాలి. చేర్చేముందు ఒకరోజు కూలి పోయినా సరే, ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లండి. గదులు, బాత్రూము తలుపు గడియ, రాత్రి వార్డెన్ ఎవరు, ఇవన్నీ ఆయనే చూసుకోవాలి. చూడనివ్వని హాస్టలైతే అక్కడి నుంచే పాపని ఇంటికి తెచ్చేయండి.

ప్రశ్న: మేడమ్, మాది పొదిలి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాను. కృష్ణపట్నం వైపు ఒక ప్లాంటులో అప్రెంటిస్‌గా రమ్మన్నారు, స్టైపెండ్ తక్కువ. కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా పోతే రోజుకు 600. నాన్న హెల్పర్‌గానే పొమ్మంటున్నారు.

జవాబు: నాయనా, నెలకు 26 రోజులు దొరికితే హెల్పర్‌కి 15,600. స్టైపెండ్ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. 2019 నిబంధనలు చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 కనీసంగా పెట్టాయి. మీ నాన్నకి లెక్క బాగానే వచ్చు. ఆ లెక్కలోకి రానిది సర్టిఫికెట్. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రిజిస్టరై, గడువు పూర్తిచేసి పరీక్ష పాసైతే జాతీయ స్థాయిలో చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. హెల్పర్‌గా మూడేళ్లు చేసినా నీ చేతికి ఒక్క కాగితం రాదు.

అయితే ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో రిజిస్టర్ చేశారో లేదో చూసుకో. అది లేకుండా 'ట్రైనీ' అని పిలిస్తే, అది చౌకగా కూలి చేయించుకోవడమే. ఇంకోటి, అప్రెంటిస్ అయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, ఆశ పెట్టుకోకు. ఇప్పుడు 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే కాబట్టి, ఇది కుదరకపోతే ఇంకొకటి దొరుకుతుంది. ఇంట్లో వడ్డీ అప్పు తరుముతుంటే మాత్రం ఆరు నెలలు హెల్పర్‌గా పోయి తర్వాత రా, తప్పు లేదు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను. శిక్షణ సెంటరు నుంచి కుర్రాళ్లని తీసుకుంటే రెండు నెలలకే వెళ్లిపోతున్నారు. వీళ్లకి పని మీద శ్రద్ధ లేదా?

జవాబు: అయ్యా, శ్రద్ధ సంగతి తర్వాత. రెండు నెలలైన కుర్రాడికీ, రెండేళ్లయిన వాడికీ మీరిచ్చే జీతంలో తేడా ఎంతో ఉత్తరంలో రాయలేదు. మాస్కులు ఇస్తున్నారా, నీళ్లు పెట్టి కోయిస్తున్నారా, ఈఎస్ఐ కడుతున్నారా అనేవీ రాయలేదు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతాయని ఆ కుర్రాళ్ల ఇళ్లల్లో అందరికీ తెలుసు. కొడుకుని వెనక్కి రమ్మనేది తల్లే.

తర్వాతి బ్యాచ్ మొదలయ్యేముందు సెంటరుకి వెళ్లి కూర్చోండి. మీ దగ్గరున్న పాలిషింగ్ మెషిన్ ఏదో, దాని మీద నేర్పమని చెప్పండి. చివరి వారం కుర్రాళ్లని మీ యూనిట్‌కే రప్పించి పని చూపించండి. ఆరు నెలలకి ఎంత పెంచుతారో, ఏడాదికి ఎంతో కాగితం మీద రాసి సంతకం చేసివ్వండి. పని చూసి వద్దనుకున్నవాడు ఆ వారంలోనే వెళ్లిపోతాడు. మీకు రెండు నెలల జీతం మిగులుతుంది.