పాఠకుల సందేహాలు: ఫంక్షన్ ఏం తిరిగివ్వాలి?

ప్రశ్న: టెంపరేచర్ సెన్సర్ నుంచి రీడింగ్ తెచ్చే ఫంక్షన్ రాశాను. సెన్సర్ పలకకపోతే -1 రిటర్న్ చేస్తున్నాను. రివ్యూలో మార్చమన్నారు. -1 ఇవ్వడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే కదా, తప్పేముంది?

జవాబు: పద్ధతి పాతదే. దానివల్ల తగిలే దెబ్బలూ అంతే పాతవి. -1 డిగ్రీ నిజంగా నమోదు కాగల ఉష్ణోగ్రత. మీ ఫంక్షన్‌ని పిలిచిన కోడ్‌కి అది చలో, తెగిన వైరో తెలిసే దారి లేదు. వరసగా 24, 25, -1, 24 వచ్చాయనుకోండి. సగటు 18. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, గ్రాఫ్ కూడా సవ్యంగానే కనిపిస్తుంది. పనిచేసిన మూడు రీడింగుల అసలు సగటు మాత్రం 24.3. -1 బదులు -999 పెట్టి ఉంటే సగటు -231.5 వచ్చేది, చూసినవాళ్లకి వెంటనే అనుమానం తగిలేది. అలాగని -999 పెట్టమని కాదు. నమ్మబుద్ధయ్యే తప్పే ఎక్కువ ప్రమాదం అని చెప్పడానికే.

ఇదే చిక్కు లైబ్రరీల్లోనూ ఉంది. పైథాన్ స్ట్రింగ్‌లో ఫైండ్ వాడితే, వెతికింది దొరకనప్పుడు -1 వస్తుంది. అదే భాషలో ఇండెక్స్ -1 అంటే చివరి అక్షరం! ఈమెయిల్‌లో ‘ఎట్’ గుర్తుకి ముందున్న పేరు కోసం ఫైండ్ చెప్పిన చోటు దాకా స్లైస్ చేశారనుకోండి (ముక్క కోసుకున్నారనుకోండి). ఆ గుర్తే లేని టెక్స్ట్ వస్తే చివరి అక్షరం ఒక్కటి ఊడిపోయి మిగతాది చేతికొస్తుంది. ఫైండ్‌ని నేరుగా ఇఫ్‌లో పెడితే ఇంకో తిరకాసు: మొదట్లోనే దొరికితే 0, అంటే ఫాల్స్, అసలు దొరక్కపోతే -1, అంటే ట్రూ. ఇండెక్స్ అనే మెథడ్ అయితే దొరకనప్పుడు వాల్యూఎర్రర్ అనే ఎక్సెప్షన్ (మామూలు నడక ఆపి, తప్పుని పిలిచిన కోడ్‌కి చేరవేసేది) లేపుతుంది. ఉండి తీరాల్సినదాన్ని వెతికేటప్పుడు దాన్నే వాడండి.

సీ భాషలో గెట్‌చార్ తెచ్చేది ఒక్క అక్షరాన్నే అయినా రిటర్న్ టైప్ క్యార్ కాదు, ఇంట్. ఎందుకో చూడండి. 8 బిట్ల బైట్‌కి ఉన్న 256 విలువలూ ఫైల్లో రాగలిగినవే. ‘ఫైల్ అయిపోయింది’ అని చెప్పడానికి 257వ విలువ కావాలి, మామూలుగా అది -1. గెట్‌చార్ ఇచ్చినదాన్ని క్యార్ వేరియబుల్‌లో వేసుకుంటే, క్యార్ సైన్డ్ (మైనస్ విలువలూ పట్టేది) అయిన చోట 255 బైట్ కూడా -1గా మారి, అది రాగానే ఫైల్ అయిపోయిందనుకుని లూప్ మధ్యలోనే ఆగుతుంది. అన్‌సైన్డ్ అయిన చోట లూప్ ఎప్పటికీ ఆగదు. అసలు జవాబుల్లో ఖాళీ లేనప్పుడు వైఫల్యానికి వేరే చోటు చూడాల్సిందే.

ఆ చోటు ఏదన్నది కారణాన్నిబట్టి ఉంటుంది. ‘లేదు’ అన్నది మామూలు జవాబే అయితే, పైథాన్‌లో నన్ (ఏమీ లేదని చెప్పే విలువ), జావా 8 నుంచి ఆప్షనల్, సీ ప్లస్ ప్లస్ 17 నుంచి స్టాండర్డ్ ఆప్షనల్. పని చెడిపోయి, ఎందుకు చెడిందో పిలిచినవాడికి తెలియాలంటే ఎక్సెప్షన్, గో భాషలో విలువతోపాటు రెండోదిగా ఎర్రర్, రస్ట్‌లో రిజల్ట్. మీ సెన్సర్‌కి నా ఓటు ఎక్సెప్షన్‌కే, ఎందుకంటే వైరు ఊడటం, టైమవుట్, చెక్‌సమ్ (డేటా చెడలేదని చూసుకునే లెక్క) తప్పడం వేరువేరు జబ్బులు. పిలిచే కోడ్ టైమవుట్ అయితే మళ్లీ అడగొచ్చు, వైరు ఊడితే అడిగీ లాభం లేదు. ఫంక్షన్ లోపలే ‘ఎర్రర్’ అని ప్రింట్ చేసి నన్ ఇచ్చే అలవాటు మాత్రం వద్దు. ఆ ప్రింట్ మనిషికి కనిపిస్తుందేమో గానీ పిలిచిన కోడ్‌కి కనిపించదు. ఇక లిస్ట్ ఇచ్చే ఫంక్షన్‌కి ఏమీ దొరక్కపోతే ఖాళీ లిస్ట్ ఇవ్వండి, నల్ (నన్ లాంటిదే) కాదు. పిలిచినవాళ్ల ఫర్ లూప్ ఏ మార్పూ లేకుండా నడిచిపోతుంది.

ప్రశ్న: పైథాన్‌లో పేర్ల లిస్ట్‌ని సార్ట్ చేసి, ఫలితాన్ని అదే వేరియబుల్‌లో పెట్టాను. లిస్ట్ మొత్తం పోయి నన్ మిగిలింది. ఎందుకిలా?

జవాబు: లిస్ట్ మీద పిలిచే సార్ట్ ఆ లిస్ట్‌నే మార్చి, నన్ తిరిగిస్తుంది. కొత్త లిస్ట్ వచ్చిందని మీరు భ్రమపడకూడదని కావాలనే అలా పెట్టారు. కొత్తది కావాలంటే సార్టెడ్ ఉంది. జావాస్క్రిప్ట్ సార్ట్ అయితే ఉన్న అర్రేనే మార్చి, మళ్లీ దాన్నే చేతికిస్తుంది. పాతది భద్రంగా ఉందనుకుని రెండు పేర్లతో ఒకే అర్రేని పట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది. నా మటుకు పైథాన్ పద్ధతే మేలు, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. స్ట్రింగ్ మీద రీప్లేస్ పిలిచి, వచ్చిన ఫలితాన్ని ఎక్కడా దాచుకోకపోవడం. స్ట్రింగ్ మారదు కాబట్టి చేసిన పనంతా గాల్లో కలుస్తుంది. మీ సొంత ఫంక్షన్లలో ఇచ్చినదాన్ని మార్చడమో, కొత్తది తిరిగివ్వడమో ఏదో ఒకటే పెట్టుకోండి.

ప్రశ్న: ఫంక్షన్‌లో రిటర్న్ ఒక్కటే ఉండాలంటారు, నిజమేనా?

జవాబు: మెమరీ, ఫైళ్లు చేత్తో విడిపించాల్సిన సీ కోడ్‌లో ఆ మాటకి అర్థముంది. మధ్యలో రిటర్న్ అయితే ఫ్రీ చేయడం మర్చిపోతారు. లినక్స్ కెర్నల్‌లో గోటూతో చివరనున్న శుభ్రం చేసే భాగానికి దూకడం అందుకే. పైథాన్‌లో విత్, గోలో డిఫర్, సీ ప్లస్ ప్లస్‌లో డిస్ట్రక్టర్ ఆ పని చూసుకుంటాయి కాబట్టి, అక్కడ తప్పుడు ఇన్‌పుట్‌ని పైనే పట్టుకుని రిటర్న్ అవడమే హాయి. ఐదు వరసల లోపలికి జరిగిన ఇఫ్‌ల కన్నా అది చదవడం తేలిక. ఒక్క చోట మాత్రం రిటర్న్ పెట్టకండి: ఫైనల్లీ బ్లాక్‌లో (ఎర్రర్ వచ్చినా రాకపోయినా చివర్లో నడిచే భాగం). జావాలోనూ పైథాన్‌లోనూ అది అప్పటికే లేచిన ఎక్సెప్షన్‌ని మింగేస్తుంది.

ప్రశ్న: సీలో ఒక ఫంక్షన్ లోపల క్యారెక్టర్ అర్రే పెట్టుకుని, అందులో మెసేజ్ తయారుచేసి రిటర్న్ చేస్తున్నాను. ఒక్కోసారి సరిగ్గా వస్తుంది, ఒక్కోసారి చెత్త వస్తుంది.

జవాబు: ఫంక్షన్ ముగియగానే ఆ అర్రే ఆయుష్షు తీరిపోతుంది. అది ఉండే చోటు మామూలుగా స్టాక్, అంటే ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ. మీరు పట్టుకెళ్లింది అడ్రస్ ఒక్కటే. తర్వాత పిలిచిన ఫంక్షన్ ఆ చోటుని వాడుకునేదాకా పాత అక్షరాలు అక్కడే ఉండొచ్చు, అందుకే ఒక్కోసారి సరిగ్గా కనిపిస్తుంది. జీసీసీ కంపైలర్ దీనిమీద వార్నింగ్ ఇస్తుంది, దాటేయకండి. అర్రే పోకుండా ఉండేలా స్టాటిక్ అని చేరిస్తే చెత్త ఆగుతుంది గానీ, రెండోసారి పిలవగానే మొదటి మెసేజ్ చెరిగిపోతుంది. ఒకే ప్రింట్‌ఎఫ్‌లో రెండుసార్లు పిలిస్తే రెండు చోట్లా ఒకే మాట పడుతుంది.

బఫర్‌నీ (మెసేజ్ రాసే చోటు) దాని సైజునీ పిలిచేవాళ్లే పంపేలా మార్చండి. లోపల ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ (ఇచ్చిన సైజు దాటకుండా బఫర్‌లో రాసే ఫంక్షన్) వాడి, అది ఇచ్చిన సంఖ్యనే మీరూ రిటర్న్ చేయండి. చివరి నల్ అక్షరం (స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే గుర్తు) కాక మొత్తం మెసేజ్‌కి ఎన్ని అక్షరాలు కావాలో ఆ సంఖ్య చెబుతుంది. బఫర్ 16 అయితే 15 దాకా పట్టినట్టు, 16 లేదా ఆపైన వస్తే మెసేజ్ తెగినట్టు, సున్నా కన్నా తక్కువ వస్తే ఎర్రర్.