రోజుకో టీచర్ వచ్చి కూర్చుంటే పాఠం చెప్పినట్టేనా?

ప్రశ్న: మాది అంబర్‌పేట. మా పాప స్టేట్ సిలబస్ ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. దసరా సెలవులయ్యాక లెక్కల మేడమ్ ప్రసూతి సెలవు మీద వెళ్లారు. అప్పటినుంచి ఆ పీరియడ్‌కి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లొస్తున్నారు. ఒకరోజు తెలుగు సర్, ఇంకోరోజు పీఈటీ సర్. ‘గోల చేయకుండా లెక్కలు చేసుకోండి’ అని చెప్పి తమ పేపర్లు దిద్దుకుంటారట. సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. ప్రిన్సిపాల్‌ని అడిగితే ‘ఒక్క పీరియడ్ కూడా ఖాళీ పోవట్లేదండీ, సబ్‌స్టిట్యూషన్ వేస్తున్నాం’ అంటున్నారు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా?

జవాబు: ముందు కోర్టు మాట తేల్చేద్దాం. వెళ్లకండి. చదువు చెప్పడం వినియోగదారుల చట్టం కిందికి వచ్చే ‘సేవ’ కాదని సుప్రీంకోర్టు 2012లో పి.టి.కోషీ కేసులో చెప్పింది. 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా అదే దారిలో నడిచి, కోచింగ్ సెంటర్లను మాత్రం ఆ మినహాయింపులోంచి తప్పించింది. కాబట్టి స్కూలు మీద ఆ కేసు వేస్తే మొదటి వాయిదాలోనే ‘ఇది మా పరిధి కాదు’ అనే మాట వినాల్సి రావచ్చు. మీకు కావాల్సింది ఫీజు వాపసా, పాపకు లెక్కలా? రెండోదానికి వేరే దారి ఉంది.

ప్రిన్సిపాల్ గారి జవాబు తెలివైనదే. కానీ గదిలో పెద్దమనిషి ఉన్నారా లేదా అన్నది చట్టం అడిగే ప్రశ్న కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం సిలబస్ మొత్తం నిర్ణీత గడువులో పూర్తి చేయాలి, ఒక్కో పిల్లకు ఎంత వచ్చిందో చూసి అవసరమైతే అదనంగా చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని అదే చట్టం షెడ్యూలు చెబుతోంది. అవి బోధన గంటలు. పీఈటీ సర్ పేపర్లు దిద్దుకున్న ముప్పావు గంటను అందులో ఎలా కలిపారని నేనైతే విద్యాశాఖ ముందు అడుగుతాను.

టీచర్ ఒకటి రెండు రోజులు రాకపోతే వేరేవాళ్లను పంపడం ఏ బడిలోనైనా మామూలే. దానికి ఫిర్యాదు పెడితే మీ మాటకే విలువ పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. షెడ్యూలు సైన్సును, లెక్కలను ఒకే గాటన కట్టింది, రెంటికీ కలిపి కనీసం ఒక టీచర్ చాలు. రేపు సైన్స్ టీచర్‌కి లెక్కలు అప్పగించి, ఆయన నిజంగా పాఠం చెబుతుంటే మీ ఫిర్యాదులో బలం ఉండదు. తెలుగు సర్‌ని కూర్చోబెట్టి అదే మాట అంటే మాత్రం చెల్లదు.

ప్రసూతి సెలవు ఆ మేడమ్ హక్కు. 2017 సవరణ తర్వాత అది 26 వారాలు. ఉత్తరంలో ఆవిడ తప్పున్నట్టు ఒక్క ముక్క కూడా రాయొద్దు. అసలు స్కూలును నిలదీయాల్సింది ఇక్కడే. జ్వరమొచ్చి ఆగిపోయిన మనిషి కాదు కదా, కొన్ని నెలల ముందే తెలిసిన సెలవు. ఆ వ్యవధిలో ఇంకొకరిని ఎందుకు పెట్టుకోలేదు?

మీ చేతిలో ఉన్న సాక్ష్యం పాప లెక్కల నోట్సే. ఒకసారి తిరగేయండి. దసరాకు ముందు పేజీల్లో తేదీలు, ఎర్ర సిరా టిక్కులు, చివర మేడమ్ సంతకం ఉంటాయి. తర్వాత పుస్తకంలోంచి ఎక్కించిన ప్రశ్నలు, కింద ఖాళీ. ఈ రెండు రకాల పేజీలూ జిరాక్స్ తీయించండి. ఏ రోజు ఎవరొచ్చారో పాపను అడిగి రాసి పెట్టుకోండి. క్లాసులో ఫోన్‌తో వీడియో తీయమని మాత్రం చెప్పకండి, గొడవ పిల్ల మీదికి వస్తుంది.

ముందు స్కూలుకే ఉత్తరం ఇవ్వండి. లెక్కలు ఎవరు, ఏ తేదీ నుంచి చెబుతారు, వారి బీఈడీ లేదా డీఈడీ, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వివరాలేంటి, మిగిలిన పాఠాలు ఎప్పటికి పూర్తవుతాయి, అదనపు క్లాసులు రుసుము లేకుండా పెడతారా అని అడగండి. కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి సంతకాలు చేస్తే మరీ మంచిది.

వారం పది రోజుల్లో జవాబు లేకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద రాతపూర్వక ఫిర్యాదు. ‘స్థానిక అధికార సంస్థ’కు ఇవ్వాలని చట్టంలో ఉంటుంది. మన దగ్గర బడుల గుర్తింపు, తనిఖీ చూసేది విద్యాశాఖ కాబట్టి డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయంలో ఇవ్వండి. అంబర్‌పేట హైదరాబాద్ జిల్లాయే. ఇది చదివే ఉప్పల్ వాళ్లు మేడ్చల్-మల్కాజిగిరి డీఈఓకి, ఎల్బీనగర్ వాళ్లు రంగారెడ్డి డీఈఓకి ఇవ్వాలి. అడ్రసులో హైదరాబాద్ అని ఉందని తప్పు ఆఫీసుకు పోయి రోజంతా తిరిగేవాళ్లు ఎందరో. మీ ఫిర్యాదును ఇరుపక్షాలనూ విని మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి వెళ్లొచ్చు. స్కూలు సమర్పించిన టీచర్ల జాబితా, తనిఖీ నివేదిక కావాలంటే అదే డీఈఓ ఆఫీసులో 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువు.

‘ఫిర్యాదు చేస్తే టీసీ చేతిలో పెడతారేమో’ అన్నది మీరు రాయలేదు గానీ, ఆ భయం ఉంటుంది. ఎనిమిది పూర్తయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయడానికి విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఒప్పుకోదు, మానసికంగా వేధించడాన్ని 17వ సెక్షన్ నిషేధిస్తుంది. అలాంటి మాట ఎవరైనా అంటే తేదీతో సహా రాసుకుని అదే ఫిర్యాదులో కలపండి.

మూడు నెలల గడువంటే ఇప్పటినుంచి లెక్కేసినా ఏప్రిల్ వస్తుంది, ఎస్‌ఏ-2 (ఏడాది చివరి) పరీక్షలూ అప్పుడే. అందుకే డీఈఓకి ఇచ్చిన ఫిర్యాదు కాపీ ఒకటి పట్టుకుని ఆ వచ్చే సోమవారమే కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి, నోట్సు జిరాక్సులు కూడా జత చేయండి.