ఇల్లు రాసివ్వమంటున్నాడు పెద్దబ్బాయి

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, రిటైరైన టీచర్ని. ఇల్లు నా స్వార్జితం, బ్యాంకులో 22 లక్షలున్నాయి. ఫ్లాటు కొనడానికి 12 లక్షలు ఇవ్వమని, ఇల్లు ఇప్పుడే తన పేర రాయమని పెద్దబ్బాయి అడుగుతున్నాడు. చిన్నవాడు, అమ్మాయి ఏమీ అనడం లేదు. మొన్న టీవీలో ‘బాగ్‌బాన్’ చూశాక మా ఆవిడ ఒకటే ఏడుపు. కొడుకులకి పైసా ఇవ్వొద్దు, మనం పెంచిన మేనల్లుడికే అన్నీ రాసేద్దాం అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ, 2003లో వచ్చిన ఆ సినిమాలో కొడుకుల దురాశ అందరికీ కనిపిస్తుంది. తండ్రి చేసిన పొరపాటు మాత్రం ఎవరి కంటా పడదు. బ్యాంకు ఉద్యోగి రాజ్ మల్హోత్రా ఉన్నదంతా పిల్లలకే పెట్టి, చెయ్యి ఖాళీ అయ్యాక ‘మమ్మల్ని ఎవరు చూస్తారు?’ అని అడుగుతాడు. చివరికి రాసిన పుస్తకం గట్టెక్కించింది. మనందరికీ అలాంటి పుస్తకం రాదు కదా.

ఇల్లు ఇప్పుడు ఎవరికీ రిజిస్టర్ చెయ్యకండి. దాన సెటిల్‌మెంటు, అంటే బతికుండగానే ఆస్తి రాసిచ్చే దస్తావేజు, ఒకసారి చేశాక, మనసు మారిందని మీరొక్కరే వెనక్కి తీసుకోలేరు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో ట్రిబ్యునల్ రద్దు చెయ్యగలదు. కానీ ‘నన్ను చూసుకోవాలి’ అనే షరతు మీదే ఇచ్చారని తేలాలి. కొడుకే కదా అని చాలామంది ఆ ఒక్క వాక్యం దస్తావేజులో రాయించరు. గొడవంతా అక్కడే వస్తుంది. మీరు వీలునామా రాయండి. బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదుగానీ చేయించడం మేలు. ఇద్దరు సాక్షులు ఉండాలి. వాళ్లు మీకన్నా చిన్నవాళ్లూ, ఆస్తిలో వాటా లేనివాళ్లూ అయితే మంచిది. అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తీసుకుంటే, ‘మతి స్థిమితం లేనప్పుడు రాయించుకున్నారు’ అనే మాట నిలవదు.

డబ్బులో 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వెయ్యండి. 2025లో వడ్డీ 8.2 శాతం, అంటే మూడు నెలలకోసారి 30,750 రూపాయలు. రెండు లక్షలు ఆసుపత్రి ఖర్చులకని పక్కన పెట్టండి. మిగిలిన అయిదూ, తిరిగి రాకపోయినా బాధపడను అనిపిస్తేనే పెద్దబ్బాయికి ఇవ్వండి.

ఈ మాట ఫోనులో చెప్పొద్దు, పెళ్లిళ్లలో అసలే వద్దు. ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టి చెప్పండి: ‘నాన్నా, అయిదు లక్షలు ఇస్తున్నాను, అప్పు కాదు. ఇల్లు మా ఇద్దరి తర్వాతే.’ అక్కడితో ఆపెయ్యండి. కారణాలు చెప్పడం మొదలుపెడితే ఒక్కోదానికీ వాడి దగ్గర సమాధానం ఉంటుంది. వాడు అలిగి రెండు నెలలు ఫోన్ చెయ్యకపోవచ్చు. ఆ రెండు నెలల్లోనే చాలామంది నాన్నలు మెత్తబడి సంతకం పెట్టేస్తారు. అడిగినంత మాత్రాన వాడు సినిమా కొడుకైపోడు లెండి. ఫ్లాటు ధరలు చూసి బెంబేలెత్తి ఉంటాడు.

ఇక మేనల్లుడు. స్వార్జితం కాబట్టి మీ ఇష్టం, వీలునామాలో అతనికీ వాటా రాయొచ్చు. కొడుకుల మీద కోపంతో మొత్తం అతనికే రాస్తే మాత్రం, మీ తర్వాత కోర్టు మెట్లెక్కాల్సింది ఆ పిల్లాడే. పైగా రేపు మిమ్మల్ని చూస్తాడని ఇప్పుడే రాసివ్వడం, పెంచినందుకు బాకీ వసూలు చేసినట్టే ఉంటుంది.

అసలు మీ ఆవిడ ఏ సీను దగ్గర ఏడ్చారో అడిగారా? అమ్మానాన్నల్ని విడదీసి, ఆర్నెల్లు ఒకరింట్లో, ఆర్నెల్లు ఇంకొకరింట్లో అని పంచుకునే చోటే అయితే, ఆవిడ బెంగ ఆస్తి గురించి కాదు. వీలునామాలో ఇల్లు మొదట ఆవిడకే, ‘సర్వహక్కులతో’ అని రాయండి. అనుభవించే హక్కు మాత్రమే ఇస్తే అవసరానికి అమ్ముకోలేరు. రాశాక ఆ పేరా ఆవిడకి చదివి వినిపించండి.