పేగు మూసుకుపోయి వచ్చినవాళ్ల గురించి, సర్జికల్ వార్డులో నర్సుగా చేరిన బిడ్డకు

బిడ్డా,

పాలమూరు పెద్దాసుపత్రిలో నీకు సర్జికల్ వార్డు పడిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెద్దపేగు క్యాన్సర్ ముదిరి, పేగు మూసుకుపోయి అర్ధరాత్రి వచ్చేవాళ్లను చూస్తే చేతులు ఆడటం లేదన్నావట. నల్లగొండలో నర్సుగా నా సర్వీసులో ఎక్కువ కాలం అలాంటి వార్డులోనే గడిచింది. నాకు తెలిసింది రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నాలుగు రోజులుగా విరేచనం లేదు, గాలి పోవడం లేదు, కడుపు డోలులా ఉబ్బింది అంటారు. నిదానంగా అడిగితే నెలల నుంచి రక్తం పడుతోందనీ, మొలలనుకుని ఊళ్లోనే మందు వాడామనీ, మనిషి సగమైపోయాడనీ బయటపడుతుంది. వచ్చేముందు ఆముదమో, విరేచనాల మాత్రలో కూడా వేసి ఉంటారు. పూర్తిగా మూసుకున్న పేగు మీదికి పైనుంచి మందు తోస్తే పగిలే ప్రమాదం ఉంది. బంధువుల దగ్గర ఇంకా అలాంటిదేమైనా ఉంటే తీసి పక్కన పెట్టించు. నోటితో ఏమీ ఇవ్వొద్దు. డాక్టరు రాయగానే, కడుపులోది బయటికి లాగేందుకు ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్ వేసెయ్. మత్తు ఇచ్చేటప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ తర్వాత ఎంత మంచి ఆపరేషన్ చేసినా మనిషి దక్కడం కష్టం. సెలైన్ ఎక్కుతుండాలి, పొటాషియం రిపోర్టు రావాలి, మూత్రం గంటగంటకూ కొలవాలి. అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకో. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట ఒక కవాటం ఉంటుంది. అది గట్టిగా బిగుసుకునే మనిషిలో గాలి వెనక్కి పోయే దారి ఉండదు. గడ్డ ఎడమవైపు ఉన్నా, ప్రమాదంగా ఉబ్బేది కుడివైపున పెద్దపేగు మొదలయ్యే చోటు. దాని వెడల్పు 12 సెంటీమీటర్లకు చేరిందని సీటీ స్కాన్‌లో రాశారంటే ఎప్పుడైనా పగలొచ్చు. కాబట్టి కుడివైపు కింద చెయ్యి ఆనిస్తేనే విలవిల్లాడుతుంటే, నాడి వేగం పెరుగుతుంటే, జ్వరం వస్తుంటే, పొద్దున రౌండ్స్ దాకా ఆగకు. డ్యూటీ డాక్టర్ని లేపు. విసుక్కుంటే విసుక్కోనీ.

అప్పుడే పెద్దమనుషులు దిగుతారు, హైదరాబాద్ తీసుకపోతామని. అందరినీ ఆపొద్దు, అందరినీ పంపొద్దు. పేగు పగిలి కడుపు రాయిలా గట్టిపడిన మనిషికి దారిలో పోయే ప్రతి గంటా ప్రాణం మీదికే. నిలకడగా ఉన్నవాళ్లకైతే పెద్ద సెంటర్లలో లోపలినుంచి స్టెంట్ అనే జాలీ గొట్టం వేసి, పేగును తెరిచి, కొన్ని రోజుల తర్వాత తాపీగా ఆపరేషన్ చేసే వీలు కొందరికి ఉంటుంది. నిర్ణయం సర్జన్‌ది. పంపితే మాత్రం ట్యూబు, డ్రిప్పు, సీటీ ఫిల్ములు తోడు పంపు.

పేగును పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు తగిలించే సంచి మాట వచ్చిందంటే ఇల్లంతా అడ్డం తిరుగుతుంది. “బతికినన్నాళ్లు ఇట్లనేనా సిస్టర్?” అంటారు. ఓదార్చాలని “మూడు నెలల్లో తీసేస్తారు” అని మాట ఇవ్వకు. కీమో అయ్యి, ఒళ్లు కోలుకున్నాక కొందరికి తీసి కలుపుతారు. వయసు వల్లనో, జబ్బు పాకడం వల్లనో కొందరికి ఎప్పటికీ తీయరు. ఇప్పుడే చెప్పలేమని నిజమే చెప్పు. ఎందుకు పెడుతున్నారో మాత్రం విడమరిచి చెప్పు. గడ్డ కుడివైపు ఉంటే చాలాసార్లు కోసి అప్పుడే కలిపేస్తారు. ఎడమవైపైతే పైపేగు ఉబ్బి, పలచబడి, మలంతో నిండి ఉంటుంది. అక్కడ వేసిన కుట్టు ఊడితే మలం కడుపులో పడుతుంది. అందుకే గడ్డ తీసి, కింది కొస మూసి, పైకొసను బయటికి తెస్తారు. ఫ్రెంచి సర్జన్ హార్ట్‌మన్ 1921లో చెప్పిన పద్ధతి ఇది, ఈ రోజుకీ ప్రాణాలు నిలబెడుతోంది. మనిషి గట్టిగా ఉంటే ఎడమవైపు కూడా కలిపే సర్జన్లు ఉన్నారు, అది వాళ్ల అంచనా.

మలాశయంలో గడ్డైతే చాలాసార్లు ఆ రాత్రి సంచి మాత్రమే పెట్టి, గడ్డను ముట్టుకోరు. రేడియేషన్, కీమో ముందు, అసలు ఆపరేషన్ తర్వాత. ఇది థియేటర్‌కు పోకముందే ఇంటివాళ్లకు చెప్పించు. లేకపోతే “కోసి కూడా గడ్డ తీయలేదు” అని పొద్దున వార్డులో లొల్లి.

థియేటర్‌కు పంపేముందు సంచి వచ్చేచోట గుర్తు పెట్టించు. రాత్రి హడావిడిలో అందరూ వదిలేసే పని ఇదే, పట్టేది ఐదు నిమిషాలు. ఓపిక ఉంటే మనిషిని కూర్చోబెట్టి చూడు, పడుకున్నప్పుడు కనబడని మడతలు అప్పుడు కనబడతాయి. ఆడవాళ్లకు లంగా బొందు కట్టే గాడి ఎక్కడుందో చూడు, మగవాళ్లకు పంచె కట్టే చోటు చూడు. ఆ గీత మీద, బొడ్డుకు ఆనుకుని, తుంటి ఎముక పక్కన పడకూడదు. తల వంచితే తన కంటికి కనబడాలి. గాడిలో పడ్డ సంచి రోజూ కారుతుంది. చీర పాడైన అవ్వ పెళ్లికి పోదు, బస్సెక్కదు, మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోదు. మార్కర్‌తో చుక్క పెట్టి సర్జన్‌కు చూపించు.

ఆపరేషన్ అయ్యాక బయటి పేగు ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే వెంటనే చెప్పు. సంచిని ఒంటికి అంటించే ప్లేటు రంధ్రం పేగు కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా కత్తిరించు, మూడోవంతు నిండగానే ఖాళీ చేయడం ఇంటివాళ్ల చేతే చేయించు. తీసిన పేగు డబ్బా మీద పేరు, నంబరు నువ్వే సరిచూడు. అందులో కనీసం 12 లింఫు గ్రంథులు చూసి రాసిన రిపోర్టు మీదే కీమో నిర్ణయం ఆధారపడుతుంది.

ఇక నాకు ఎక్కువ బాధ కలిగించేది చెబుతా. కుట్లు మానగానే జబ్బు పోయిందనుకుంటారు. మక్తల్, నారాయణపేట దిక్కునుంచి వచ్చేవాళ్లు మళ్లీ బొంబాయో, పూణెయో పనికి పోతారు. కీమో అవసరమైతే ఎనిమిది వారాల లోపు మొదలు కావాలి. బయాప్సీ రిపోర్టు ఎవరు తెస్తారో పేరు రాసుకో, రెండు ఫోన్ నంబర్లు తీసుకో, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఏ రోజు పోవాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వు. ఖర్చుకు భయపడితే, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి నువ్వే తీసుకపో. 2007లో ఆరోగ్యశ్రీ మొదట వచ్చిన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. ఇప్పుడు పరిమితి 10 లక్షలు. అయినా అడగకుండా అప్పు చేసేవాళ్లు ఉన్నారు.

ఎమర్జెన్సీలో మిగతా పెద్దపేగును చూసే వీలుండదు, అందుకని మూడు నుంచి ఆరు నెలల్లో కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, కూడా రాయించు. ఫైలు పట్టుకుని నిలబడ్డ కొడుకును వయసెంతని అడుగు. రోగి తోబుట్టువులకూ, పిల్లలకూ 40 ఏళ్లకో, రోగికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించాలి. రక్తం పడుతోందా అని అతణ్ని పక్కకు పిలిచి అడుగు, నలుగురిలో చెప్పరు.

ఇట్లు
మీ పెద్దమ్మ